కథకుడూ వంతలూ: తొలి మైక్రోప్రాసెసర్ల పరివారం

ఇంటెల్ 8088 చిప్పు ఒకదాన్ని సాకెట్లోంచి ఊడదీసి, బల్లమీద పెట్టి, దానికి కావలసిన 5 వోల్టుల కరెంటు ఇచ్చామనుకోండి. ఏమీ జరగదు. లోపల 29,000 ట్రాన్సిస్టర్లున్నా అది రెండు అంకెల్ని కూడా కూడలేదు. అడుగు తీసి అడుగు వేయడానికి క్లాక్ కావాలి, అది బయటి చిప్పు ఇవ్వాలి. ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాం మెమరీలో ఉంటుంది, ఆ మెమరీ బయటే ఉంది. కీబోర్డు మీద ఎవరో మీట నొక్కారని కబురు చేయడానికి ఒక చిప్పు, సమయం లెక్కపెట్టడానికి ఒకటి, ఫ్లాపీ నుంచి డేటాను మెమరీలోకి చేరవేయడానికి మరొకటి. ఇవన్నీ చుట్టూ చేరితేనే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది.

కంప్యూటర్ల చరిత్రను మాత్రం ప్రాసెసర్ల వంశావళిగానే చెబుతుంటారు: 4004, 8080, 8086, 386, పెంటియం. బుర్రకథలో పేరంతా తంబురా పట్టిన కథకుడిదే. కానీ గుమ్మెటలు వాయిస్తూ, ప్రశ్నలడుగుతూ, తందాన అందుకునే ఆ ఇద్దరు వంతలూ రాకపోతే ఆ రాత్రి కథే లేదు. ఈ అధ్యాయం వంతల గురించి. 1971 నుంచి 1985 దాకా ఏ ప్రాసెసర్ నెగ్గిందన్నది చాలాసార్లు దాని పక్కనున్న చిప్పుల దగ్గరే తేలింది. ఆ ప్రాసెసర్లు అటకెక్కి దశాబ్దాలైనా, వాటి తోడు చిప్పుల అలవాట్లు ఇవాళ్టి కంప్యూటర్లలో కూడా కనిపిస్తాయి.

నాలుగు చిప్పుల కుటుంబం

1969లో జపాన్ కాలిక్యులేటర్ల కంపెనీ బిజికామ్, అప్పటికి ఏడాది వయసున్న ఇంటెల్‌ను వెతుక్కుంటూ వచ్చింది. ఇంటెల్ అప్పట్లో మెమరీ చిప్పుల కంపెనీ. బిజికామ్ ఇంజనీరు మసతోషి షిమా తెచ్చిన నమూనాలో కాలిక్యులేటర్ చేసే ఒక్కో పనికీ ఒక్కో ప్రత్యేకమైన చిప్పు ఉంది. అన్ని రకాల చిప్పులు గీసేంత మంది ఇంటెల్‌లో లేరు. టెడ్ హాఫ్ మరో దారి చూపించాడు: ఏ పనైనా చేయగల చిన్న ప్రాసెసర్ ఒకటి చేద్దాం, అది ఏ పని చేయాలో మెమరీలో ప్రోగ్రాంగా రాద్దాం. స్టాన్ మేజర్ ఆ ఆలోచనకు రూపం ఇవ్వడంలో తోడయ్యాడు. 1970 ఏప్రిల్‌లో చేరిన ఫెడెరికో ఫాజిన్ దాన్ని సిలికాన్ మీదికి తెచ్చాడు. షిమా కూడా ఆ పనిలో పాలుపంచుకున్నాడు.

1971 నవంబరు 15న ఎలక్ట్రానిక్ న్యూస్ పత్రికలో ప్రకటన వచ్చింది. మనం గుర్తు పెట్టుకున్నది 4004నే గానీ, ఇంటెల్ అమ్మకానికి పెట్టింది నాలుగు చిప్పుల కుటుంబాన్ని. 4001 అంటే 256 బైట్ల రోమ్, దానితో పాటే నాలుగు గీతల పోర్టు. 4002 అంటే 320 బిట్ల ర్యామ్, దానికీ ఒక అవుట్‌పుట్ పోర్టు. 4003 పది బిట్ల షిఫ్ట్ రిజిస్టర్. నాలుగోది 2,300 ట్రాన్సిస్టర్ల 4004. బిజికామ్ కాలిక్యులేటర్‌లో 4004 ఒక్కటే. 4001లు నాలుగు, 4002లు రెండు, 4003లు మూడు. వర్గమూలం కావాలంటే ఇంకో 4001ను అదనంగా గుచ్చుకోవాలి.

ఈ కుటుంబాన్ని ఇలా ఎందుకు విడగొట్టారు? కారణం పిన్నులు. అప్పట్లో ఇంటెల్ 16 పిన్నుల ప్యాకేజీకే కట్టుబడి ఉంది. 4004కు బయటి లోకంతో మాట్లాడటానికి నాలుగే డేటా గీతలు దొరికాయి. పన్నెండు బిట్ల చిరునామాను ఒకేసారి పంపే వీల్లేక మూడు విడతలుగా పంపేది. ఆ తర్వాత రెండు విడతల్లో ఆదేశం లోపలికి వచ్చేది, మరో మూడు టిక్కుల్లో పని జరిగేది. మొత్తం ఎనిమిది టిక్కులు. 740 కిలోహెర్ట్జ్ క్లాక్ మీద అది దాదాపు 10.8 మైక్రోసెకన్లు. ముక్కలుగా వచ్చే ఆ చిరునామాను కూడగట్టుకోవడం 4001కూ 4002కూ తెలుసు. బజార్లో దొరికే మామూలు మెమరీకి తెలియదు. దాన్ని తగిలించాలంటే 4008, 4009 అనే మధ్యవర్తి చిప్పులు తేవలసి వచ్చింది. పిన్నుల కరువు వల్ల ప్రాసెసర్ పనిలో కొంత పక్కవాళ్ల నెత్తిన పడటం ఇక్కడే మొదలైంది.

ఇరవై చిప్పుల ఆసరాతో

1972 ఏప్రిల్‌లో వచ్చిన 8008 ఎనిమిది బిట్ల ప్రాసెసర్. దాని ఆదేశాల పట్టిక ఇంటెల్‌ది కాదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని కంప్యూటర్ టెర్మినల్ కార్పొరేషన్ తన డేటాపాయింట్ 2200 యంత్రం కోసం రాసుకున్నది. ఇంటెల్ చిప్పు ఆలస్యమై, పైగా నిదానంగా ఉండటంతో ఆ కంపెనీ మామూలు లాజిక్ చిప్పులతోనే తన యంత్రాన్ని కట్టుకుంది, ప్రాసెసర్ హక్కులను ఇంటెల్‌కే వదిలేసింది.

8008కు దక్కినవి 18 పిన్నులు. చిరునామా, డేటా, తన స్థితిని తెలిపే సంకేతాలు అన్నీ అవే ఎనిమిది గీతల మీద వంతులవారీగా వచ్చేవి. వాటిని వేరుచేసి పట్టుకుని, మెమరీకి అర్థమయ్యేలా అందించడానికి చుట్టూ సుమారు ఇరవై చిన్న లాజిక్ చిప్పులు పేర్చాల్సి వచ్చేది. చిప్పు మీద కంప్యూటర్ అని చెప్పుకున్నా, చేతికి వచ్చేది పెద్ద బోర్డే.

డేటాపాయింట్ నుంచి వచ్చిన ఒక అలవాటు మాత్రం నేటికీ పోలేదు. ఆ యంత్రం మెమరీ షిఫ్ట్ రిజిస్టర్లతో చేసినది, లెక్క కూడా ఒక్కో బిట్‌గా సాగేది. కూడిక కుడి చివర నుంచే మొదలవ్వాలి కాబట్టి పెద్ద సంఖ్యలో చిన్న బైటు ముందు రావడం ఆ యంత్రానికి సౌకర్యం. 8008కు ఆ అవసరం లేదు, అయినా డేటాపాయింట్‌తో పొత్తు కోసం అదే వరస పాటించింది. 8080, 8086, పెంటియం దాన్నే అనుసరించాయి. ఈ రోజు ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు సంఖ్యల్ని మెమరీలో చిన్న బైటు ముందు పెట్టి దాచడానికి మూలం 1970 నాటి ఆ యంత్రపు మెమరీయే.

మూడు వోల్టేజీల 8080

1974లో వచ్చిన 8080కి 40 పిన్నులు దొరికాయి. 16 చిరునామా గీతలు, 8 డేటా గీతలు విడివిడిగా బయటికి వచ్చాయి. 64 కిలోబైట్ల మెమరీని నేరుగా అందుకోగలిగింది. అయినా దాని పోషణ తక్కువేమీ కాదు. ప్లస్ 5, మైనస్ 5, ప్లస్ 12 వోల్టులు మూడూ కావాలి. ఒకదానిమీద ఒకటి పడని రెండు క్లాక్‌లు కావాలి, అవీ దాదాపు 12 వోల్టుల ఎత్తున. ఈ క్లాక్‌లు పుట్టించడానికి 8224 వచ్చింది. ప్రాసెసర్ ప్రతి చక్రం మొదట్లో తాను చేయబోయే పనేమిటో డేటా గీతల మీద ఒక్క క్షణం చెప్పి ఊరుకుంటుంది. దాన్ని పట్టుకుని 'మెమరీ చదువు', 'పోర్టుకు రాయి' లాంటి స్పష్టమైన సంకేతాలుగా మార్చడానికి 8228 వచ్చింది. ప్రాసెసర్ కొన్నవాళ్లు వీటినో, ఇదే పని చేసే వేరే చిప్పులనో పెట్టుకోక తప్పేది కాదు.

1975 జనవరి పాపులర్ ఎలక్ట్రానిక్స్ ముఖచిత్రం మీద కనిపించిన ఆల్టెయిర్ 8800 ఈ 8080తోనే తయారైంది. అమెరికాలోని ఆల్బకర్కీ పట్టణంలో ఎమ్‌ఐటీఎస్ అనే చిన్న కంపెనీ దాన్ని కిట్‌గా అమ్మింది. కొన్నవాళ్లకు వచ్చింది 256 బైట్ల మెమరీ, ముందు పలక మీద స్విచ్చులు, దీపాలు. కానీ లోపల వంద పిన్నుల స్లాట్లతో ఒక బస్ ఉంది. ఎవరైనా బోర్డు చేసి అందులో గుచ్చవచ్చు. ఎమ్‌ఐటీఎస్ సొంతంగా చేసిన 4 కిలోబైట్ల డైనమిక్ మెమరీ బోర్డులు సరిగ్గా పనిచేయకపోవడంతో, స్టాటిక్ మెమరీతో నమ్మకమైన బోర్డులు చేసిన ప్రాసెసర్ టెక్నాలజీ వంటి ఇతర కంపెనీలకు బేరం దొరికింది. ఆల్టెయిర్ కొద్ది ఏళ్లకే కనుమరుగైంది. ఆ బస్ ఎస్-100 పేరుతో చాలా కంపెనీల యంత్రాల్లో బతికి, తర్వాత ఇంజనీర్ల సంస్థ ఐ-ట్రిపుల్-ఈ ప్రమాణంగా కూడా ఎక్కింది.

మరచిపోయే మెమరీ

ఆ బోర్డులు ఎందుకు మొరాయించాయో తెలియాలంటే డైనమిక్ మెమరీ సంగతి చూడాలి. అందులో ఒక్కో బిట్టూ ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లో విద్యుదావేశంగా నిలుస్తుంది. ఆ ఆవేశం నెమ్మదిగా కారిపోతుంది. 1976లో మోస్టెక్ తెచ్చిన 16 కిలోబిట్ల 4116 చిప్పులో 128 వరసలుంటాయి. ప్రతి వరసనూ 2 మిల్లీసెకన్లలోపు ఒకసారి చదివి మళ్లీ నింపాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. ఒక్కసారి తప్పినా మెమరీలోది గల్లంతే. స్టాటిక్ మెమరీకి ఈ బెడద లేదు, కానీ ఒక్కో బిట్‌కు ఎక్కువ ట్రాన్సిస్టర్లు పడతాయి కాబట్టి ఖరీదు ఎక్కువ. చవక కంప్యూటర్ కావాలంటే డైనమిక్ మెమరీ తప్పదు. మరి రిఫ్రెష్ ఎవరు చేయాలి? ఈ ప్రశ్నకు వచ్చిన మూడు జవాబుల నుంచి మూడు రకాల కంప్యూటర్లు పుట్టాయి.

మొదటి జవాబు జెడ్80ది. ఇంటెల్ వదిలి వచ్చిన ఫాజిన్, రాల్ఫ్ అంగర్‌మన్‌తో కలిసి జైలాగ్ కంపెనీ పెట్టాడు. షిమా కూడా అక్కడే చేరాడు. 1976లో వచ్చిన వాళ్ల జెడ్80, 8080 ప్రోగ్రాములు దాదాపు అన్నీ నడుపుతుంది, ఒక్క 5 వోల్టులతో, ఒక్క క్లాక్‌తో సరిపెట్టుకుంటుంది. అన్నిటికంటే తెలివైనది లోపలి ఆర్ రిజిస్టర్. ఆదేశాన్ని తెచ్చుకుని దాని అర్థం విప్పుకునే కొద్ది వ్యవధిలో చిరునామా గీతలు ఖాళీగా ఉంటాయి. ఆ వ్యవధిలో జెడ్80 ఒక వరస సంఖ్యను బయట పెట్టి, మరుసటిసారికి ఒకటి కలుపుకుంటుంది. రిఫ్రెష్ బాధ్యత చాలావరకు ప్రాసెసరే మోసింది. దానికి పీఐఓ, సీటీసీ, ఎస్ఐఓ అనే తోడు చిప్పులూ వచ్చాయి. అవి ఒకదాని వెనక ఒకటి గొలుసుగా నిలబడి, ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను పని మధ్యలో ఆపి పిలిచే కబురు) ఎవరిదన్నది తమలో తామే తేల్చుకునేవి.

రెండో జవాబు యాపిల్-2ది. దాని 6502 ప్రాసెసర్ వెనకా ఒక కథ ఉంది. మోటరోలాలో 6800 మీద పనిచేసిన చక్ పెడిల్ బృందం మాస్ టెక్నాలజీకి మారి, 1975 సెప్టెంబరులో 6502ను 25 డాలర్లకే అమ్మింది. అప్పట్లో పోటీ చిప్పుల ధర అంతకు ఎన్నో రెట్లు. ధరతో పాటు పెడిల్ బృందం చేసిన మరో మంచి పని, బస్ తీరును 6800కు దగ్గరగా ఉంచడం. దానివల్ల మోటరోలా చేసిన తోడు చిప్పులు 6502కూ పనికొచ్చాయి. 1984లో మన దేశంలో బడిపిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి మొదలైన క్లాస్ పథకంలో వాడిన బీబీసీ మైక్రోనే చూడండి. ప్రాసెసర్ 6502, తెర మీద బొమ్మ నడిపేది మోటరోలా 6845, సీరియల్ పని చూసేది మోటరోలా 6850.

6502 ప్రతి క్లాక్ చక్రంలో రెండో సగంలోనే మెమరీని తాకుతుంది. మొదటి సగం ఖాళీ. 1977 నాటి యాపిల్-2లో స్టీవ్ వోజ్నియాక్ ఆ సగాన్ని తెరకు ఇచ్చేశాడు. బొమ్మ గీయడానికి వీడియో సర్క్యూట్ మెమరీని ఎలాగూ వరసగా చదువుతూనే ఉంటుంది. అలా చదవడమే రిఫ్రెష్ అయ్యేలా చిరునామా గీతల్ని అమర్చాడు. విడిగా రిఫ్రెష్ చిప్పు లేదు, ప్రాసెసర్ ఒక్క క్షణమూ ఆగనక్కర్లేదు.

మూడో జవాబు ఐబీఎం పీసీది. దాన్ని కాసేపట్లో చూద్దాం.

8085, మన లాబొరేటరీ బల్ల

1976లో ఇంటెల్ ప్రకటించిన 8085 పేరులోని 5, ఒక్క 5 వోల్టులతో పనిచేస్తుందని చెప్పడానికే. 8224, 8228ల పని చాలావరకు లోపలికి వెళ్లిపోయింది. ఇంటరప్టుల కోసం కొత్త పిన్నులు పెట్టాలంటే పాతవి కొన్ని తగ్గాలి. అందుకని చిరునామాలోని కింది ఎనిమిది బిట్లూ, డేటా ఎనిమిది బిట్లూ ఒకే గీతలను పంచుకున్నాయి. ఎప్పుడు చిరునామా ఉందో ఏఎల్ఈ అనే పిన్ చెబుతుంది, బయట ఒక లాచ్ దాన్ని పట్టి ఉంచుతుంది. తెలుగునాట ఎలక్ట్రానిక్స్ చదివిన వాళ్లకు ఇది పరీక్షలో బొమ్మ గీసిన పాఠమే.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో తరాల విద్యార్థులు 8085 కిట్ మీదే చేతులు తిప్పారు. పదహారంకెల మీటలు నొక్కి ప్రోగ్రాం ఎక్కించారు, ఎర్రటి అంకెల తెర మీద ఫలితం చూశారు. ఆ మీటలనూ తెరనూ చూసుకునేది 8279. స్టెప్పర్ మోటారునూ ట్రాఫిక్ దీపాలనూ తిప్పేది 8255, దానికి ఎనిమిదేసి గీతల పోర్టులు మూడు. ప్రాసెసర్ పాఠం అని పేరే గానీ అక్కడ నేర్చుకున్నదాంట్లో సగం తోడు చిప్పులకు కంట్రోల్ వర్డ్ రాయడమే. ఆ నేర్పు వృథా కాలేదు, ఎందుకంటే 8255 లాంటి చిప్పులే కొద్ది మార్పులతో ఐబీఎం పీసీలోకి నడిచి వెళ్లాయి. ఇక 8085 కూడా చాలా దూరమే వెళ్లింది: 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ బండిలో దాని సీమాస్ (తక్కువ కరెంటుతో నడిచే) రూపం పనిచేసింది.

ఒక్క క్రిస్టల్, మూడు పనులు

1978లో వచ్చిన 8086 పదహారు బిట్ల ప్రాసెసర్. మరుసటి ఏడాది 8088 వచ్చింది. లోపల అదే, బయట మాత్రం ఎనిమిది డేటా గీతలే. అదే ఏడాది మోటరోలా 68000ను ప్రకటించింది. రూపకల్పనలో అది అందమైన చిప్పు, కానీ 64 పిన్నుల భారీ ప్యాకేజీ. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో ఐబీఎంకు చెందిన డాన్ ఎస్ట్రిడ్జ్ బృందం ఏడాదిలోనే కంప్యూటర్ తేవాలని పట్టుబట్టింది. 8088 అయితే 8080, 8085ల కాలం నుంచి చవగ్గా దొరుకుతున్న ఎనిమిది బిట్ల తోడు చిప్పుల్ని ఉన్నవి ఉన్నట్టు తగిలించవచ్చు. ప్రాసెసర్ ఎంపికలో ఈ లెక్క పెద్ద పాత్ర వహించింది. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది.

ఆ బోర్డు మీద 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటుంది. అమెరికా కలర్ టీవీలో రంగుల సంకేతం 3.579545 మెగాహెర్ట్జ్, దానికి సరిగ్గా నాలుగు రెట్లు ఇది. యాపిల్-2లో ఉన్నదీ ఇదే. ఇంటి టీవీ మీద రంగులు రావాలన్న కోరికే ఈ అంకెను నిర్ణయించింది. దాన్ని 8284 చిప్పు మూడుతో భాగిస్తే 4.77 మెగాహెర్ట్జ్, అదే ప్రాసెసర్ వేగం. 8088కు 5 మెగాహెర్ట్జ్ దాకా సత్తా ఉన్నా టీవీ కోసం కొంచెం తగ్గింది. పన్నెండుతో భాగిస్తే 1.193182 మెగాహెర్ట్జ్, అది 8253 టైమర్‌కు వెళుతుంది.

8253లో మూడు లెక్కింపు యంత్రాలున్నాయి. మొదటిది 65,536 దాకా లెక్కపెట్టి ఒక టిక్కు ఇస్తుంది, అంటే సెకనుకు సుమారు 18.2 సార్లు. వింత అంకెలా కనబడుతుంది గానీ, గంటకు చూస్తే దాదాపు 65,536 టిక్కులే అవుతాయి, పదహారు బిట్లకు సరిపోయే లెక్క. రెండోది 18 దాకా లెక్కపెట్టి ప్రతి 15 మైక్రోసెకన్లకూ 8237 డీఎంఏ చిప్పును, అంటే ఫ్లాపీ నుంచి డేటాను మెమరీలోకి చేరవేసేదాన్ని, తడుతుంది. అది ప్రాసెసర్‌ను పక్కకు తప్పించి మెమరీలో ఒక వరసను చదువుతుంది. 128 వరసలకు 1.93 మిల్లీసెకన్లు, అంటే 2 మిల్లీసెకన్ల గడువు లోపలే. రిఫ్రెష్ ప్రశ్నకు ఐబీఎం ఇచ్చిన మూడో జవాబు ఇదే. విడిగా రిఫ్రెష్ చిప్పు కొనలేదు గానీ, ప్రాసెసర్ వేగంలో కొంత భాగం దానికే పోయింది. మూడో యంత్రం స్పీకర్‌ను కూయిస్తుంది.

ఇంటరప్టుల పని 8259ది. ఎనిమిది మంది పిలిచేవాళ్లు: టైమర్, కీబోర్డు, సీరియల్ పోర్టులు, ఫ్లాపీ, ప్రింటర్ వగైరా. ఎవరిది అర్జంటో తేల్చి 8259 ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ప్రాసెసర్ రెండుసార్లు ఊకొడుతుంది. రెండోసారి 8259 ఒక సంఖ్యను డేటా గీతల మీద పెడుతుంది. ఆ సంఖ్యను నాలుగుతో హెచ్చించిన చోట మెమరీలో చూస్తే ఏ ప్రోగ్రాం నడపాలో ఉంటుంది. మొదటి 32 సంఖ్యల్ని తన భవిష్యత్తు అవసరాలకు అట్టిపెట్టుకున్నానని ఇంటెల్ చెప్పినా, ఐబీఎం తన ఇంటరప్టులను 8 నుంచి 15 దాకా పెట్టింది. తర్వాతి ప్రాసెసర్లలో ఇంటెల్ ఆ సంఖ్యలకు తన పనులు కేటాయించింది. రెండూ ఢీకొన్నాయి. అందుకే 8259 ఉన్న పీసీ మీద ప్రొటెక్టెడ్ మోడ్‌లోకి (తర్వాతి ప్రాసెసర్లలోని, మెమరీకి రక్షణ ఉన్న పద్ధతిలోకి) వెళ్లే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా తొలి పనుల్లో ఒకటిగా దానికి కొత్త సంఖ్యలు ఇస్తుంది.

అదే బోర్డు మీద 8088 పక్కన ఒక ఖాళీ సాకెట్ ఉండేది, 8087 కోసం. దశాంశ లెక్కలు చేసే ఆ చిప్పులో 45,000 ట్రాన్సిస్టర్లు, 8088 కంటే ఎక్కువ. ప్రాసెసర్ చదివే ఆదేశాలనే అదీ చదువుతూ, తనవి వచ్చినప్పుడు అందుకుంటుంది. బర్కిలీ గణిత శాస్త్రజ్ఞుడు విలియం కాహన్ దాని లెక్కల పద్ధతికి సలహాదారు. ఆ కృషి 1985లో ఐ-ట్రిపుల్-ఈ 754 ప్రమాణానికి పునాది అయింది. ఇవాళ మీ ఫోన్ దశాంశ లెక్కలు చేసేదీ ఆ ప్రమాణం ప్రకారమే.

విడిపోయినవి మళ్లీ కలిశాయి

1984లో వచ్చిన పీసీ-ఏటీలో తోడు చిప్పులు రెట్టింపయ్యాయి: 8259లు రెండు, 8237లు రెండు, తేదీ గుర్తుంచుకునే చిప్పు మరొకటి. అంత బోర్డును నకలు చేయడం ఖరీదైన పని. సరిగ్గా అప్పుడే కాలిఫోర్నియాలో చిప్స్ అండ్ టెక్నాలజీస్ అనే కంపెనీ పుట్టింది. రెండు 8259లు, రెండు 8237లు, టైమర్, తేదీ చిప్పు అన్నిటినీ 82సి206 అనే ఒక్క చిప్పులో ఇరికించింది. మరికొన్ని చిప్పులతో కలిపి దాన్ని ఒక సెట్‌గా అమ్మింది. అది కొన్న ఎవరైనా ఏటీకి సరిజోడైన కంప్యూటర్ చేయగలిగారు. చవక పీసీల వరద వెనక ఇంటెల్ ప్రాసెసర్ ఎంత ఉందో ఈ చిప్‌సెట్లూ అంతే ఉన్నాయి.

తర్వాతి కథ లోపలికి నడక. 1989లో 486తో దశాంశ లెక్కల చిప్పు ప్రాసెసర్‌లో కలిసింది. 2003లో ఏఎండీ ఆప్టెరాన్, అథ్లాన్ 64లతో మెమరీ కంట్రోలర్ లోపలికి వచ్చింది, 2008లో ఇంటెల్ నెహలెమ్ అదే దారి పట్టింది. పిన్నుల కరువుతో 1971లో బయటికి వెళ్లిన పనులు ఒక్కొక్కటే తిరిగి వచ్చి చేరాయి. విడి చిప్పుగా జెడ్80కి 2024 జూన్‌లో చివరి ఆర్డర్లు తీసుకుని జైలాగ్ ముగింపు పలికింది.

అయినా పాత ఒప్పందాలు చెరగలేదు. లైనక్స్ మూలంలో 1193182 అనే అంకె నేటికీ ఉంది, కలర్ టీవీ నుంచి వచ్చిన అంకె. ఈ పాత బరువు దించుకుందామని ఇంటెల్ 2023లో ఒక ప్రతిపాదన తెచ్చింది, మరుసటి ఏడాది చివర్లో దాన్ని వదిలేసుకుంది. ప్రాసెసర్‌ను ఏడాదికోసారి మార్చవచ్చు. దాని చుట్టూ అల్లుకున్న పోర్టు చిరునామాలు, ఇంటరప్టు సంఖ్యలు, టిక్కుల లెక్కలు లక్షల ప్రోగ్రాముల్లో నాటుకుపోయాయి. వాటిని మార్చడం ఏ ఒక్క కంపెనీ చేతుల్లోనూ లేదు.

కొత్త ప్రాసెసర్ వచ్చిందన్న వార్త చదివినప్పుడు ట్రాన్సిస్టర్ల సంఖ్య, గిగాహెర్ట్జ్‌లు చూసి ఆగిపోకండి. దానికి మెమరీ ఎలా అందుతుంది, బస్ ఎంత వెడల్పు, ఉన్న పరికరాలు దానితో కలుస్తాయా అని అడగండి. అర్ధశతాబ్దం నాటి చిప్పులు నెగ్గినా ఓడినా, సమాధానం ఎక్కువసార్లు ఈ ప్రశ్నల్లోనే దొరికింది.